ఒక సెట్టు తీగలు, రెండు గిటార్లు

సైనిక్‌పురిలో నేను అద్దెకుంటున్న గది మేడ మీద ఉంటుంది. మూడు పక్కలా కిటికీలు. గాలికి కొదవ లేదని చూసి తీసుకున్నాను. పాట రికార్డు చేయాలనుకున్న దగ్గర్నుంచి ఆ కిటికీలతోనే నాకు తగాదా. ఏ శబ్దం ఎప్పుడు లోపలికి వస్తుందో వారం పాటు గమనించాను. పొద్దున చెత్త బండి పాట. తర్వాత కింద ఇంటివాళ్ల కుక్కర్. ఆ తర్వాత పాత ఇనుము కొనే అతని మైకు. అతను మా వీధి మలుపులో బండి ఆపి నీళ్లు తాగుతాడు, మైకు మాత్రం ఆపడు. హకీంపేట వైపు నుంచి లేచే శిక్షణ విమానాలు. సాయంత్రం పిల్లల క్రికెట్. వీటన్నిటినీ తీసేస్తే మధ్యాహ్నం భోజనాల తర్వాత కాసేపు మిగులుతుంది. వీధి మొత్తం నిద్రపోయే సమయం అది. ఆ వేళ ఫ్యాను ఆపి, కిటికీలు మూసి, చెమటలు కక్కుతూ గిటార్ వాయించేవాణ్ణి.

నా ఉద్యోగం ఇంటి నుంచే. ఫోన్లలో వాడే చిప్పుల్లో సిగ్నల్ సరిగా పోతోందో లేదో పరీక్షించే పని. మనుషులతో మాట్లాడేది మీటింగుల్లోనే. అక్కడ కూడా మైకు ఆపేసి ఉంచడమే మర్యాద. కొన్ని రోజులు సాయంత్రం కూరగాయల దుకాణంలో నోరు తెరిస్తే గొంతు బొంగురుగా వచ్చేది. అప్పుడు తెలిసేది, పొద్దుటి నుంచి అదే నా మొదటి మాట అని.

ఆ పాట అరవైల నాటి ఇంగ్లీషు రాక్ పాట. పాడేవాళ్లు నోరు విప్పకముందే పన్నెండు తీగల గిటార్ మీద ఒక చిన్న వరస వస్తుంది. గాజుల చెయ్యి ఒక్కసారి దులిపినట్టు గలగలమంటుంది. పాటంతా ఆ గలగల మీదే నడుస్తుంది. మాటలు ఎవరైనా పాడుకోవచ్చు. ఆ శబ్దం రాకపోతే పాట లేదు.

అదెలా వస్తుందో చెప్పాలి. మామూలు గిటార్‌కు ఆరు తీగలు. పన్నెండు తీగల గిటార్‌లో ప్రతి తీగనూ ఆనుకుని ఇంకో తీగ జోడుగా ఉంటుంది. రెండింటికి జోడు అదే స్వరంలో ఉంటుంది, మిగతా నాలుగింటికి జోడు సన్నగా పై స్థాయిలో ఉంటుంది. వేలు నొక్కితే రెండూ కలిసి నొక్కుకుంటాయి, మీటితే రెండూ కలిసి మోగుతాయి. అయితే పూర్తిగా కలిసి కాదు. ఒకటి వెంట్రుకవాసి ముందు, ఇంకొకటి వెంట్రుకవాసి వెనక. గలగల పుట్టేది ఆ సందులోనే.

ఇంజనీరింగ్ చదివే రోజుల్లో మా దగ్గర అలాంటి గిటార్ లేదు. మా దగ్గర అంటే నా దగ్గర, నా క్లాస్‌మేట్ దగ్గర. వాళ్లది తిరుమలగిరిలో పరుపుల దుకాణం. తాత దూది ఏకేవాడు, తండ్రి పరుపులు కుట్టించి అమ్ముతాడు. కంటోన్మెంట్‌ను ఆనుకుని ఉన్న పరుపుల దుకాణానికి ఒక సౌకర్యం ఉంది. బదిలీ అయిన ఆఫీసర్లు పాత పరుపులు తెచ్చి మళ్లీ అక్కడే పడేసి పోతారు. పరుపుతో పాటు మోయడం దండగ అనిపించినవి కూడా దిగుతాయి: ఇస్త్రీ బల్ల, థర్మాస్ ఫ్లాస్కు, పగిలిన అద్దం. అలా ఒకసారి ఒక గిటారూ, ఒక అట్టపెట్టె నిండా క్యాసెట్లూ దిగాయి. గిటార్‌ను నా స్నేహితుడు తీసుకున్నాడు, నాకు అప్పటికే ఒకటుంది. అట్టపెట్టెలోని ఒక క్యాసెట్‌లో ఈ పాట ఉంది. దుకాణంలో దూది మూటల మీద కూర్చుని దాన్ని ఎన్నిసార్లు విన్నామో. వాళ్ల నాన్న వచ్చి ప్లేయర్ ఆపేసేదాకా వినేవాళ్లం.

పన్నెండు తీగల గిటార్ కొనలేం కానీ పన్నెండు తీగల సెట్టు కొనగలం. సికింద్రాబాద్‌లో వాయిద్యాల కొట్టుకు వెళ్లి ఒకటి తెచ్చాం. కవరు చించి, ఆస్తి పంచుకున్నట్టు పంచుకున్నాం. మామూలు ఆరు తీగలు తన గిటార్‌కు. జోడు తీగలు ఆరు నా గిటార్‌కు. ఎదురెదురుగా కూర్చుని ఒకే వరస ఇద్దరం ఒకేసారి వాయించాం. మొదటి వరస పూర్తయ్యేసరికి ఇద్దరికీ నవ్వాగలేదు. క్యాసెట్‌లో ఉన్న ఆ శబ్దమే దుకాణం మధ్యలో, మా ఇద్దరి మోకాళ్ల నడుమ, గాల్లో మోగింది.

కాలేజీ ఉత్సవానికి పేరిచ్చేటప్పుడు వాయిద్యం అన్న చోట తను ‘పన్నెండు తీగల గిటార్, ఒకటి’ అని రాయించాడు. స్టేజీ మీద మైకులు సర్దే అతను మా ఇద్దరి గిటార్లూ చూసి అడిగాడు, “ఏదమ్మా పన్నెండు తీగలది?”

నా స్నేహితుడు నా భుజం మీద చెయ్యేసి, “పార్టులు విప్పి తెచ్చినమన్నా. ఫిట్టింగ్ గీడనే” అన్నాడు.

ఇది మేమే కనిపెట్టామనుకునేవాళ్లం. ఆ తర్వాత ఎప్పుడో చదివాను: స్టూడియోల్లో ఇది పాత పద్ధతేనట, అక్కడ ఒకే మనిషి రెండుసార్లు వాయించి కలుపుతాడట. ‘ఒకే మనిషి’ అన్న మాట దగ్గర కాసేపు ఆగాను.

ఈ పంపకంలో ఒక తేడా ఉంది. అప్పట్లో నేను దాన్ని పట్టించుకోలేదు. తన గిటార్ ఒక్కటే వింటే అది మామూలు గిటార్. ఏ పాటైనా వాయించుకోవచ్చు. నా గిటార్ ఒక్కటే వింటే పిల్లల బొమ్మలా ఉంటుంది. కింద బరువు లేకుండా పైన గలగల మాత్రం ఉంటే దాన్ని ఎవరూ గిటార్ అనరు.

చదువయ్యాక తను దుకాణంలో కూర్చున్నాడు, నేను పుణెకు పోయాను. అక్కడ కొన్నేళ్లు చేసి, ఇంటి నుంచి పని చేసుకోవచ్చనగానే సికింద్రాబాద్‌కు వచ్చేశాను. సైనిక్‌పురికీ తిరుమలగిరికీ మధ్య దూరం చెప్పుకోదగ్గది కాదు. అయినా తన పెళ్లిలో కలిశాక మళ్లీ సరిగ్గా కలవలేదు. గొడవేమీ లేదు. గొడవ ఉంటే సర్దుకోవడానికైనా ఒకరి దగ్గరికొకరు పోయేవాళ్లం. పుట్టినరోజుకు మెసేజ్, పండగకు మెసేజ్, ‘కలుద్దాంరా’, ‘తప్పకుండా’. అంతే.

తనను పిలవకుండానే పాట రికార్డు చేయగలనని మొదట అనుకున్నాను. ముందు నా గిటార్‌కు మామూలు తీగలు కట్టి తన భాగం వాయించాను. వాటిని విప్పి, సన్న తీగలు కట్టి నా భాగం వాయించాను. కంప్యూటర్‌లో ఆ రెండు భాగాల శబ్దం రెండు గీతలుగా ఒకదాని కింద ఒకటి కనిపించింది. అవి ఒకదానికొకటి పూర్తిగా కుదరలేదు. కొన్నిచోట్ల తీగ మీటిన దెబ్బలు అటూ ఇటూ పడ్డాయి. కుదరనిది కనిపిస్తే సరిచేయకుండా ఉండలేను, నా వృత్తే అది. ఒక్కొక్క దెబ్బనూ పట్టుకుని జరిపి, రెండూ ఒకే చోట పడేలా చేశాను. వారం పట్టింది. చివరికి విన్నాను. ఒకే గిటార్ కాస్త పెద్దదైనట్టుంది. గలగల పోయింది.

సరే, తేడా ఉండాలి కదా అని తన భాగాన్ని మొత్తంగా కొంచెం వెనక్కి జరిపాను. బావిలోకి అరిచినట్టు వచ్చింది. ఎక్కడికక్కడ ఇష్టం వచ్చినట్టు జరపమని కంప్యూటర్‌కే వదిలేశాను. తాగినవాడు వాయించినట్టు వచ్చింది. అప్పుడు కళ్లు మూసుకుని తను ఎలా వాయించేవాడో గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. చరణంలో తను వెనకుంటాడు, బద్ధకంగా, గోడకు ఆనుకున్నట్టు. పల్లవి దగ్గరకు వస్తుండగా ముందుకు పోతాడు. పోయి, నేను వస్తున్నానా లేదా అని తలెత్తి చూస్తాడు. నేను వచ్చాక మళ్లీ వెనకబడతాడు. ఎంత ముందు, ఎంత వెనక అన్నది నా మీద ఆధారపడి ఉండేది. నేనేమో నా రెండో భాగాన్ని, ముందే వాయించి పెట్టిన నా మొదటి భాగం వింటూ వాయించాను. అది తలెత్తి నన్ను చూడదు.

తను రావాలి. పాట కావాలంటే ఇంకో దారి లేదని అప్పుడు ఒప్పుకున్నాను. పాట లేకపోయినా తను రావాలని ఉందన్నది కూడా ఆ మధ్యాహ్నమే తెలిసింది. కానీ ఊరికే ఫోన్ చేసి ‘వచ్చి వాయించు’ అనడానికి నోరు రాలేదు. గదిలో ప్రతిధ్వని ఎక్కువగా ఉంది, గోడకు పరుపులు ఆనిస్తే తగ్గుతుంది. నిజమైన అవసరమే. ఆ సాకుతో బయల్దేరాను.

దుకాణం మారలేదు. వాళ్ల నాన్న గల్లాపెట్టె దగ్గర అదే స్టూలు మీద ఉన్నాడు. వెనక గోడకు తాత దూది ఏకిన విల్లు వేలాడుతోంది, మనిషంత పొడవు, ఒకే ఒక్క నరంతో.

“అరే, ఇంజనీర్ సాబ్! తొవ్వ తప్పినవా బేటా?”

“లేదంకుల్, పరుపులు కావాలి.”

“పెండ్లి గిట్ల కుదిరిందా? డబల్ చూపియ్యమంటవా?”

“గోడకు అంకుల్.”

ఆయన కళ్లద్దాలు తీసి నన్ను చూశాడు. లోపల పరుపుకు టేపు చుడుతున్న నా స్నేహితుడు తల తిప్పకుండానే తండ్రితో అన్నాడు, “వాడు కాలేజీల సుత గిట్లనే అబ్బా. గోడకు సలి పెడ్తున్నదట, కప్పుతడట.” అప్పుడు లేచి వచ్చి నా భుజం మీద కొట్టాడు. కాస్త లావయ్యాడు. గడ్డం పెంచాడు. “ఎన్నేండ్లాయెరా! ఫోన్ల ‘కలుద్దాం కలుద్దాం’ అనుడే నీది.”

“నీది కాదా?”

“నాది సుత.”

టీ తెప్పించాడు. రికార్డింగ్ అని చెప్పాను. ఏ పాట అని అడిగాడు. చెప్పాను.

“ఇంకా గదేనా? ఆ క్యాసెట్‌లకెళ్లి బయటికి రాలేదారా నువ్వు?”

“నీ భాగం నేనే వాయించాను. కుదరలేదు.”

“ఎందుకు కుదరలే? నాకన్నా మంచిగ కొడ్తవ్ గద.”

“అందుకే కుదరలేదు.”

నవ్వాడు. పాత నవ్వే. అటక మీదికి చూపించాడు. “గా దూది మూటల ఎనక ఉన్నది గిటారు. తీగలకు తుప్పు పట్టుంటది. నా వేళ్లకు సుత పట్టింది.”

వాళ్ల నాన్న గోడ మీది విల్లు వైపు గడ్డం ఎత్తాడు. “మా నాయన గా ఒక్క నరంతోని ఇల్లు నడిపిండు. వీనికి ఆరిచ్చినా ఏం గాలే. మీ ఇద్దరికి కలిసి పన్నెండు గావాల్నా?”

“ఆదివారం రారా” అన్నాను. “మధ్యాహ్నం. కాసేపే.”

టీ గ్లాసులోకి చూస్తూ, “చూస్త” అన్నాడు.

ఈ ఊళ్లో ‘చూస్త’ అంటే ఏమిటో నాకు తెలుసు. నేను కూడా చాలామందికి అదే చెప్పాను. తను రాకపోతే ఏం చేయాలో దారి పొడవునా ఆలోచించుకుంటూ ఇంటికొచ్చాను. ఒకటి, ఆ పాట వదిలేయడం. రెండు, వేరే పాట చూసుకోవడం. మూడోది తట్టలేదు.

ఆదివారం వీధి నిద్రపోయే వేళకు కింద ట్రాలీ ఆటో ఆగింది. వెనక రెండు పరుపులు, వాటి మధ్య దుప్పట్లో చుట్టిన గిటార్. తను దిగి, పైకి చూసి అరిచాడు, “ఒక చెయ్యెయ్యిరా, దూరంకెళ్లి చూస్తవేంది!”

పరుపులు మెట్ల మలుపులో ఇరుక్కున్నాయి. లాగి, తోసి, తిట్టుకుని పైకి చేర్చాం. “ఇవి అమ్మకానికి గాదు, కిరాయికి గాదు” అన్నాడు రొప్పుతూ. “బుధవారం గిరాకికియ్యాలె. ప్లాస్టిక్ కవర్ తియ్యకు.” గాలి తగిలితే ఆ ప్లాస్టిక్ చిటపటమంటుంది. మైకు దాన్ని వదిలిపెట్టదు. నా దగ్గరున్న దుప్పట్లూ తువ్వాళ్లూ లుంగీలూ అన్నీ తెచ్చి కవర్ల మీద కప్పాను. “పెండ్లికొడుకుల లెక్క తయారైనయ్” అన్నాడు పరుపులను చూసి.

కొత్త సెట్టు తెచ్చి ఉంచాను. కవరు చించి లావువి తన వైపు, సన్నవి నా వైపు పెట్టాను. తను వాటినీ నన్నూ చూశాడు. “ఏదీ మర్చిపోవురా నువ్వు” అన్నాడు. అది మెచ్చుకోలో జాలో అర్థం కాలేదు.

చిన్న గది కాబట్టి మోకాళ్లు తగిలేంత దగ్గరగా ఎదురెదురుగా కూర్చున్నాం. మొదట్లో తనకు రెండో చరణం గుర్తు రాలేదు. వేళ్లు నొప్పెట్టాయి. చేతులు విదిలించి, “మెత్తవడ్డయ్‌రా. దూది పట్టే చేతులు” అన్నాడు. మధ్యలో ఫోన్ వచ్చింది, ఇంటికి చుట్టాలు వస్తున్నారట. మళ్లీ వచ్చింది, ఎవరో దిండ్ల ధర అడిగారు. ఇది అయ్యేది కాదనుకున్నాను. అయినా మైకు ఆన్ చేసి, లెక్కపెట్టి మొదలుపెట్టాను. తను ఆలస్యంగా వచ్చాడు. ఆ ఆలస్యం విన్న క్షణం నా వీపు నిటారైంది.

గలగల వచ్చింది. కంప్యూటర్‌లో వారాల తరబడి వెతికింది, మా మధ్య గాల్లోకి ఊరికే వచ్చి కూర్చుంది. మొదటి చరణంలో తను గోడకు ఆనుకున్నాడు. పల్లవికి ముందుకు పోయి తలెత్తి చూశాడు. నేను వచ్చాను. రెండో చరణంలో ఒక చోట తప్పు తీగ నొక్కి నాలుక కరుచుకున్నాడు, ఆగలేదు. రెండో పల్లవి కూడా దాటాం.

ఆఖరి చరణం మొదట్లో నా తీగ తెగింది. మూడో తీగ జోడు. సెట్టు మొత్తంలో అన్నిటికన్నా సన్నది, ఎప్పుడూ తెగేది అదే. టప్‌మని ఎగిరి చేతికి తగిలింది. నా చెయ్యి తనంతట తానే వెనక్కి పోయింది. తను ఆగలేదు. వాయిస్తూనే నా వైపు చూసి, రమ్మని కనుబొమలు ఎగరేశాడు. తెగిన తీగ ఎత్తి చూపించాను. తల ఊపాడు, అయినా రమ్మని మళ్లీ ఎగరేశాడు. ప్రతి వరస ముందూ అలాగే. నేను ఒళ్లో గిటార్ పెట్టుకుని, ఊపిరి శబ్దం కూడా మైకులోకి పోకుండా చూస్తూ కూర్చున్నాను. తను ఒక్కడే చివరిదాకా వాయించాడు. ఆఖరి దెబ్బ ఇంకా మోగుతుండగానే ఫోన్ గరగరమంది. ఎత్తి చెప్పాడు, “వస్తున్న, వస్తున్న. తొవ్వల ఉన్న.” దారిలో ఉన్నానన్న మనిషికి గిటార్ ఇంకా ఒళ్లోనే ఉంది.

“ఇంకొక్కసారి వాయిద్దామా? తీగ మారుస్తాను.”

“సాలురా. మంచిగొచ్చింది గద.” గిటార్‌ను దుప్పట్లో చుట్టుకున్నాడు. మెట్లు దిగుతూ, “పరుపులు పైలం” అని జాగ్రత్త చెప్పాడు.

బుధవారం పరుపుల కోసం తను రాలేదు, ట్రాలీ ఆటో అతను ఒక్కడే వచ్చాడు. పరుపులు పోయాక గదిలో కుర్చీ జరిపినా చప్పుడు రెండింతలుగా వినిపించింది.

అవి పోకముందే, తీగ మార్చి, ఆఖరి చరణంలో నా భాగం వాయించాను. అంతకుముందు తన గీతను తెర మీద పెద్దది చేసి చూశాను. మొదటి రెండు చరణాల్లో లేనిది ఆఖరి చరణంలో ఒకటి కనిపించింది. ప్రతి వరస మొదట్లోనూ చిన్న ఖాళీ. అక్కడ ఏమీ లేదు, గీత దాదాపు చదునుగా ఉంది. అది తప్పు కాదు, ఆలస్యం కాదు. కనుబొమలు ఎగరేసి తను నా కోసం చూసిన చోటు అది. హెడ్‌ఫోన్స్‌లో తనను వింటూ, ఆ ఖాళీల్లోకి సరిగ్గా నా తీగలను దించాను. ఒక్కసారికే కుదిరింది. ఇద్దరం కలిసి వాయించలేదని ఎవరూ చెప్పలేరు. అలా పూర్తి చేసిన పాటను తనకు పంపాను.

మర్నాడు కుట్టు మిషన్ల చప్పుడు మధ్య నుంచి ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. “సూపర్ ఉన్నదిరా, నిజంగ. అబ్బకు సుత ఇనిపిచ్చిన. గిది మీ ఇద్దరిదేనా అన్నడు, నమ్ముతలేడు. గని గిదేందిరా, ఆఖర్ల నీ తీగ తెగింది గద? మల్ల నువ్వెట్లొచ్చినవ్?”

‘తర్వాత వాయించి కలిపాను’ అని రాశాను.

‘ఓహో’ అని వచ్చింది. కాసేపటికి ఇంకోటి. ‘గప్పుడు నేనొక్కన్నే కొట్టిన గదరా.’ ఆ వెంటనే మరొకటి. ‘గిరాకి వచ్చిండు. మల్ల మాట్లాడ్త.’

తను దాన్ని ఫిర్యాదుగా అనలేదు. జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఒకే గిటార్‌గా కలిసిపోయిన దాంట్లో నుంచి తన ఒక్కడిదైన చోటును విని పట్టుకున్నాడు. ఆ సాయంత్రం ఆఖరి చరణంలో నా భాగాన్ని తీసేశాను. బాగా కుదిరింది కదా అని దాన్ని వేరేగా దాచుకోలేదు, మొత్తంగా తీసేశాను.

ఇప్పుడు ఆ పాట అలాగే ఉంది. రెండో పల్లవి దాకా గలగల, తర్వాత టప్‌మని ఒక చప్పుడు, ఆ తర్వాత ఒక మామూలు గిటార్. ప్రతి వరస ముందూ అది ఒక్క క్షణం ఆగుతుంది, ఎవరూ రాకపోతే తనే ముందుకు నడుస్తుంది. మధ్యాహ్నాలు కిటికీలు తెరిచే వింటున్నాను. ఆ ఖాళీల దగ్గరకు వచ్చేసరికి నా కుడి చెయ్యి కొంచెం లేస్తుంది. ఆఖరి దెబ్బ మోగుతుండగా ఫోన్ గరగర, వెంటనే తన గొంతు వస్తాయి: “వస్తున్న, వస్తున్న. తొవ్వల ఉన్న.” అది పాటలో భాగం కాదు, కత్తిరించాలి. కత్తిరించలేదు.